జామ్ సీసా మూత

ఎస్కెల్ ఊళ్ళో జూలై. గాలి
రేకు కప్పును ఒక మూల ఎత్తి చూసి మళ్ళీ కప్పుతోంది,
లోపల ఎవరున్నారో అని.
లోపల నేనే.
వంటింటి బల్ల మీద పాత లాప్‌టాప్, చల్లబడ్డ మాతే,
తెరలో ఒక విమానం,
కుదుపులేని ఆకాశం.

ముప్పై ఏళ్ళు ముళ్ళను నమ్ముకుని బతికాను.
అంకె చదవనక్కర్లేదు, ముల్లు ఎటు వాలిందో
కంటి కొసకు తెలిస్తే చాలు.
ఎత్తు కాస్త జారితే
నాకంటే ముందు నా భుజం ఉలిక్కిపడేది.
ఇప్పుడు ముళ్ళు లేవు.
అంకెలు నిలువునా జారుతున్నాయి
దర్జీ టేపును ఎవరో కిటికీలోంచి లాగేస్తున్నట్టు.
నేను చదివేలోగా
అది పాత ఎత్తు అయిపోతుంది.

అంబులెన్స్ విమానం మారుస్తున్నారు. పాతదాన్ని,
తలుపు తంతే తప్ప పడేది కాదు దానికి,
కొర్దోబాలో ఎవరో కొనుక్కున్నారట.
కొత్తదానికి గాజు కాక్‌పిట్.
రెండు తెరలు, పేజీ లోపల పేజీ,
ఆ లోపల ఇంకో పేజీ.
గాజు అంటారు గానీ
పగిలేది నేనే, రోజూ రాత్రి తొమ్మిదిన్నరకి.

సీరో అని, ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు, నా గురువు.
"ఎడమ తెర చచ్చిపోయేలా పెట్టాను, ఎర్సిలియా.
ఎప్పుడో మాత్రం చెప్పను" అన్నాడు, బొత్తిగా జాలి లేకుండా.

హాంగర్లో అంటారు, చెయ్యి తిరిగినదానివి, నీకేం అని.
తిరిగింది నిజమే, వేరే మరల చుట్టూ.
మౌస్‌తో తిప్పితే చేతికేమీ తెలియదు,
వేలికి అంచు దొరకదు, టక్కుమనదు.
అందుకని అట్టముక్కకు జామ్ సీసా మూత బిగించాను,
దాని నడినెత్తిన టూత్‌పేస్ట్ మూత.
పెద్దది రేడియోలో ముందంకెలకి,
చిన్నది చుక్క తర్వాతవాటికి.
కళ్ళు మూసుకుని తిప్పడం నేర్చాను.
బస్సులో కూడా, ఒళ్ళో పెట్టుకుని.
పక్కావిడ లేచి వేరే సీటుకు వెళ్ళింది.

ఒకే కొండకు పదకొండు సార్లు కొట్టుకున్నాను.
ప్రతిసారీ తెర మర్యాదగా అడుగుతుంది:
మళ్ళీ మొదలుపెడదామా?
ఆ మర్యాదే నాకు గిట్టదు.
ఆ కొండను నేనెరుగుదును. మేఘం తల మీదికి లాక్కుని
మాట్లాడకుండా నిలబడుతుంది.
దానికి మళ్ళీ అనే మాటే రాదు.

ఇంకొకటి. తెరలో విమానంలో ఎవరూ మూలగరు.
అందుకని పక్కింటి డెల్ఫోర్‌ను పిలిచాను,
గొర్రెల బొచ్చు కత్తిరించీ కత్తిరించీ
నడుము వంగినచోటే ఆగిపోయిన మనిషి.
వెనక కుర్చీలో కూర్చుని
"ఇంకా ఎంతసేపు?" అని అడుగుతూ ఉండమన్నాను.
రోగులు అలాగే అడుగుతారు,
సరిగ్గా నేను పెట్రోలు లెక్క వేస్తున్నప్పుడు.
మొదటి రాత్రి చక్కగా అడిగాడు.
రెండో రాత్రి సొంత నొప్పులన్నీ చెప్పుకున్నాడు.
ఇవాళ
చప్పుడు లేదు.

మూలిగే రోగికంటే మూలగని రోగికే నాకు భయం.
వెనక్కి తిరిగి చూశాను: దుప్పటి లేస్తోంది, పడుతోంది.
ముందుకు తిరిగేసరికి ఎడమ తెర నల్లగా.
చెయ్యి తనంతట తానే ఎర్ర బొత్తాం మీదికి పోయింది.
అన్నీ వచ్చి కుడి తెరలో ఇరుక్కున్నాయి,
ఒక్క మంచం మీద నలుగురు పిల్లల్లా.
ఎత్తు ఇక్కడ. దిక్కు ఇక్కడ. కొండ, అదిగో, ఎడమకి.
తిప్పాను. రేడియో మార్చాను,
పెద్ద మూత, చిన్న మూత, టక్, టక్.

అప్పుడు గాలి ఎక్కడో తీగ తెంపింది.
ఊరంతా ఆరిపోయింది. బ్యాటరీ ఎప్పుడో పోయిన లాప్‌టాప్
ఇంట్లోని చీకట్లో కలిసిపోయింది.
మిగిలింది నా వేళ్ళ కింద
జామ్ సీసా మూత, ఇంకా తిరుగుతూ.

డెల్ఫోర్ లేచాడు.
"దిగేశామా?"

"ఇంకా లేదు" అన్నాను.
"బెల్టు విప్పకు."